బాయి సద్ది

మా దగ్గర బొగ్గుగనిని గని అని ఎవరూ అనరు, బాయి అంటారు. బాయికి పోయే మనిషికి కట్టిచ్చే అన్నం సద్ది. ఆ సద్దిలో రెండు మూడు ముద్దలు మిగిల్చి ఇంటికి తెచ్చి పిల్లలకు పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. గోదావరిఖని క్వార్టర్లలో పెరిగిన ఏ పిల్లనైనా అడగండి, షిఫ్టు దిగి వచ్చిన తండ్రి ముఖం చూడదు, ముందు చేతిలో డబ్బా చూస్తుంది. పొద్దున అయిదింటికి నేను వండిన అన్నమే, నేను వేసిన కూరే అది. అయినా భూమి కిందికి పోయి, ఎలుకలకు అందకుండా మేకుకు వేలాడి, ఎక్కి వచ్చేసరికి దాని రుచి మారిపోతుంది. చల్లబడిన కూర మెతుకు మెతుక్కీ పడుతుంది. మూతకు పట్టిన చెమ్మ మళ్ళీ అన్నంలోకే దిగుతుంది. కొంచెం ఇనుము వాసన, కొంచెం బొగ్గు వాసన. నా బిడ్డ చిన్నప్పుడు దానికోసం పక్క క్వార్టర్ పిల్లలతో జుట్లు పట్టుకునేది.

ఇప్పుడు నా బిడ్డ కాసిపేటలో ఉంది. అల్లుడిదీ బాయి పనే. దాని బిడ్డ, నా మనవరాలు, మూడో తరగతి, బడి కోసం మా దగ్గరే ఉంటుంది. సాయంత్రం తాత చేతిలోంచి డబ్బా లాక్కొని గడపలోనే కూర్చొని తినేది. మొదట రెండు ముద్దలుండేవి. తర్వాత నాలుగయ్యాయి. తర్వాత సగం డబ్బా. పిల్లకు పండగే పండగ. ఆ డబ్బా ఎందుకలా నిండుగా వస్తోందో నాకు తెలిసేసరికి ఏడాది గడిచిపోయింది. మా ఆయనను కాపాడుకోవడానికి పనికొచ్చే ఏడాది అదే.

నా గురించి చెప్పాలంటే ముందు నా కారం గురించి చెప్పాలి. రామగిరి వైపు మా తల్లిగారి ఊరి నుంచి ఏటా ఎండుమిరపకాయలు వస్తాయి. ఎండాకాలం మా దగ్గర ఎండ సంగతి తెలుసుగదా, కాకి కూడా గూడు దిగదు. ఆ ఎండలో క్వార్టర్ ముందు చీరలు పరిచి కాయలు ఆరబోస్తాను. మధ్యాహ్నం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగుకు సైరన్ మోగగానే పరిగెత్తి పైన ఇంకో చీర కప్పాలి, లేకపోతే కాయల మీద బొగ్గు దుమ్ము పడుతుంది. తొడిమలు తీసి, ధనియాలు, మెంతులు, జీలకర్ర వేయించి కలిపి, పట్టించడానికి గిర్నీకి తీసుకుపోతే, గిర్నీవాడు నన్ను చూడగానే మూతికి తువ్వాల కట్టుకుంటాడు. మా ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళు తుమ్మలేదంటే ఆ రోజు నేను తాలింపు సరిగ్గా పెట్టలేదని లెక్క.

గొప్పలు పోతోంది అనుకుంటారేమో, అనుకోండి. ఉన్న గొప్ప అదొక్కటే. మా అల్లుడు మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడు ఎల్లిపాయకారం వేసి జొన్నరొట్టె పెట్టాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ముక్కు కారింది, అయినా "ఇంకింత వెయ్యి అత్తమ్మా" అన్నాడు. పిల్లనిచ్చినందుకు ఆ క్షణాన నాకు నిమ్మళమైంది. కారం తినలేని మగవాణ్ణి మా వాడకట్టులో మనిషి కిందే లెక్కగట్టరు. నేనైతే అసలు గట్టను.

మా ఆయన బాయిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని, ముప్పై ఏళ్ళ నుంచి అదే. నోట్లో నాలుక లేని మనిషి. నేను పది మాటలంటే ఒకటి తిరిగి అంటాడు, అదీ మెల్లగా. కానీ తిండి దగ్గర మాత్రం పులి. పెళ్ళయిన కొత్తలో పచ్చిపులుసులో పచ్చిమిరపకాయలు కాల్చి పిసికేదాన్ని, గిన్నె ఎత్తి తాగేవాడు. "పది డబ్బాలు తెరిస్తె ముందుగాల నా డబ్బాలకే చేతులు వస్తయే" అని చెప్పేవాడు. బాయిలో అందరూ గుండ్రంగా కూర్చొని, టోపీ లైట్ల వెలుగులో ఒకరి కూర ఒకరికి వేసుకొని తింటారట. ఆ మాట విన్నప్పుడల్లా నేను ఒక గంటెడు కూర ఎక్కువే వేసేదాన్ని.

డబ్బా పక్కన ఇంకొకటి కూడా సర్దేదాన్ని. చిన్న రేకు డబ్బీ, అందులో తంబాకు, ఒక మూల సున్నం. బాయిలో బీడీ, అగ్గిపెట్టె నిషేధం. దిగేముందు జేబులు తడిమి చూస్తారు. అందుకే బాయి మనుషులంతా తంబాకు నలిపి దవడలో పెట్టుకుంటారు. నోట్లో ఊట ఊరుతుంటే దుమ్ము గొంతులోకి పోదని మా అందరి నమ్మకం. డబ్బీ మరిచిపోతే గేటు దగ్గరికి పరిగెత్తి ఇచ్చిన రోజులున్నాయి. నా చేతులతో నేనే ఇచ్చాను. ఈ మాట రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఒకనాడు అన్నం ముందు కూర్చొని, "ఏమే, కారం జెర్ర తగ్గియ్యరాదు" అన్నాడు.

నేను నవ్వాను. నవ్వి ఊరుకున్నానా, లేదు. నల్లా దగ్గర బిందె పెట్టి లైనులో ఉన్న ఆడవాళ్ళందరికీ చెప్పాను. "మా ఆయన ముసలోడైండు ఇగ. పెరుగన్నం కావాల్నట." అందరూ పడీ పడీ నవ్వారు. ఎదురింటామె ఆయన డ్యూటీకి పోతుంటే, "ఏందన్నా, వదినె కారానికి ఓడిపోయినవట" అంది. ఆయన తల వంచుకొని సైకిలు మోటారు స్టార్టు చేసుకొని పోయాడు. ఆ తర్వాత మళ్ళీ కారం తగ్గించమని అడగలేదు.

అడగలేదు గానీ తినడం మార్చాడు. కూరలోని ముక్కలు పళ్ళెం అంచున పెట్టి నీళ్ళతో కడిగేవాడు. చూసి నా ఒళ్ళు మండిపోయేది. అంత కష్టపడి వండితే నీళ్ళపాలు చేస్తావా అని గిన్నె ఎత్తేసేదాన్ని. సర్వప్ప అంటే ఆయనకు ప్రాణం. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, ఉల్లాకు కలిపి, గుండ్రటి గిన్నెకు లోపల అంటించి, బొగ్గుల పొయ్యి మీద ఎర్రగా కాలుస్తాను. అంచు కరకరలాడాలి. ఆ అంచు కోసం తండ్రీ బిడ్డలు గొడవపడేవాళ్ళు. అలాంటిది, ఆయన దాన్ని గోరంత ముక్కలుగా తుంచి, చాయ్‌లో నానబెట్టి మింగుతున్నాడు.

"ఏందయ్యా, పండ్లు ఊడిన ముసలోని లెక్క?" అన్నాను.

"దవడ పన్ను సలుపుతాంది. తగ్గుతదిలే" అన్నాడు.

సరే, పన్నే అనుకున్నాను. లవంగం ఇచ్చాను దవడన పెట్టుకొమ్మని. అది పెట్టుకున్నప్పుడు మంచం పట్టె పట్టుకొని కళ్ళు గట్టిగా మూసుకోవడం నేను చూశాను. చూసి, ఎంత నాజూకయ్యాడో అనుకొని వంటింట్లోకి పోయాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

ఇక సాయంత్రం డబ్బా సంగతి. అది సగం నిండుగా వస్తుంటే నాకు అనుమానం రాలేదా అంటే, రాలేదు. కుళ్ళు వచ్చింది. నా బిడ్డకు మూడు ముద్దలు తెచ్చిన మనిషి, మనవరాలికి సగం డబ్బా తెస్తున్నాడే అని. "మిత్తి ముద్దు గిట్లనే ఉంటది" అని పొరుగింట్లో చెప్పుకొని మురిశాను కూడా. మా దగ్గర వడ్డీని మిత్తి అంటారు, అసలు కంటే వడ్డీ ముద్దని మనవలను అలా పిలుచుకుంటారు. "నువ్వేం తిన్నవ్ తాతా?" అని పిల్ల అడిగితే, "నాకు ఆకలి లేకుండె బిడ్డా" అనేవాడు. రోజూ అదే మాట. పిల్ల రెండో మాట అడగకుండా తినేది. పిల్లకేం తెలుసు, దానికి ఎనిమిదేళ్ళు. నాకు యాభై నాలుగు.

మా పక్క క్వార్టర్‌లో సాయిబుల కుటుంబం. ఇంట్లో వాళ్ళు దక్కనీ మాట్లాడుకుంటారు, మాతో తెలుగు. ఆమె నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను. ఆమె భర్త అదే బాయిలో ఫిట్టరు, మా ఆయనదీ అతనిదీ ఒకటే షిఫ్టు. ఇరవై ఏళ్ళుగా గోడ మీదుగా గిన్నెలు తిరుగుతూనే ఉన్నాయి. రంజాన్‌కు వాళ్ళ షీర్‌కుర్మా మాకు, బతుకమ్మ పండక్కి మా మలీద ముద్దలు వాళ్ళకు. ఏ గిన్నే ఖాళీగా తిరిగి పోదు.

ఆమె శుక్రవారం ఖిచిడీ చేసేది. ఎర్రపప్పు, బియ్యం, పసుపు, నెయ్యి, అంతే. దాని పక్కకు ఖీమా, నువ్వుల పులుసు. మా ఇంటికి పంపితే మా ఆయన ఖీమా ముట్టడు, పులుసు ముట్టడు, ఒట్టి ఖిచిడీ మాత్రం గిన్నె ఊడ్చి తింటాడు. మెల్లగా, చిన్న చెంచాతో, కళ్ళు మూసుకొని. ఒక శుక్రవారం అది చూశాను. ముప్పై ఏళ్ళుగా నేను పెట్టిన అన్నాన్ని ఆయన అంత ఇష్టంగా తిన్నది ఎప్పుడో కూడా గుర్తురాలేదు. 

"నా చేతి కూర కడిగి తింటవ్, ఆమె ఖిచిడీ నాకి తింటవా? గట్లయితె రోజు ఆడికే పో, ఆడనే తిను!" అన్నాను. గోడ అవతల వాళ్ళకు వినపడేలాగానే అన్నాను.

ఆయన చెంచా కింద పెట్టాడు. "అన్నం మీద గింత లొల్లి ఎందుకే" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది, నోట్లో ఏదో ఉన్నట్టు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత మూడు శుక్రవారాలు పక్కింటి నుంచి గిన్నె రాలేదు. వచ్చే ఒక్క ముద్దను కూడా నేనే ఆపేశానని అప్పుడు తెలియదు.

మూడో శుక్రవారం తర్వాత ఆదివారం. ఈ మొండితనం తేల్చాలనుకున్నాను. పొద్దున్నే పోయి పొట్టేలు మాంసం తెచ్చాను. పుంటికూర తెచ్చాను, ఎర్ర కాడల గోంగూర, అదే పుల్లగా ఉంటుంది. గ్యాసు వద్దని బొగ్గుల పొయ్యి అంటించాను. మాంసం సగం ఉడికాక పుంటికూర వేసి, ఆ యేడు కొత్తకారం వేసి, నూనె పైకి తేలేదాకా మూత తియ్యలేదు. వాసన లైను చివరిదాకా పోయింది. పక్కింటివాళ్ళను కూడా పిలిచాను, కోపం పోయిందని చూపించుకోవాలిగదా. చెల్లె వచ్చింది, ఆమె భర్త వచ్చాడు. మనవరాలు తాత ఒడిలోకి జరిగి కూర్చుంది.

అందరూ తింటున్నారు. ఫిట్టరన్న చెమటలు తుడుచుకుంటూ, "వదినె, ఇది తింటె మళ్ళ రేపటిదాంక వేరే తిండి అక్కర్లే" అన్నాడు. మా ఆయన పళ్ళెంలో మాత్రం కూర వేసింది వేసినట్టే ఉంది. అంచున అన్నం కెలుకుతున్నాడు. నాకు ముక్కు మీదే కోపం గదా, ఆగలేకపోయాను. ఆయన ముందు గొంతుక్కూర్చొని, కూర కలిపి, పెద్ద ముద్ద చేశాను. కొత్తగా పెళ్ళయినప్పుడు చేసినంత ముద్ద.

"నా చేతితోని పెడ్త. ఎట్ల తినవో చూస్త. నోరు తెరువ్."

"వద్దే" అన్నాడు.

"తెరువ్ అంటున్న!"

తెరిచాడు. తెరిచానని అనుకున్నాడు పాపం. రెండు పెదవుల మధ్య నా బొటనవేలు పట్టేంత సందు వచ్చింది, అంతే. నేను ఇంకా సతాయిస్తున్నాడనుకొని ముద్దను నెట్టాను. అది పళ్ళకు తగిలి చితికి, గడ్డం మీదుగా చొక్కా మీద పడింది. లోపలికి ఒక్క మెతుకు పోలేదు. పులుసు మాత్రం పోయినట్టుంది. ఆయన నోట్లోంచి ఒక అరుపు వచ్చింది. ఆ మనిషి అరవగా నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. కాలి మీద కర్ర పడి రెండు వేళ్ళు నలిగిన రోజు కూడా అరవలేదు.

మనవరాలు ఏడుపు అందుకుంది. నా చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది, కూర కారుతూ.  ఫిట్టరన్న పళ్ళెంలో చెయ్యి కడిగేసుకొని లేచాడు.

"వదినె, నన్ను మాఫ్ చెయ్యి. ఏడాది సంది అన్న మీ కూర తింటలేడు. బాయిల మాకు వేసేస్తడు. ఒట్టి అన్నంల నీళ్ళు పోసుకొని, రెండు బుక్కలు మింగి, మూత పెడ్తడు. నోట్ల తెల్లగ పుండున్నది. దవాఖానకు పోదాం అంటె, గోలీలు తింటున్నలే అన్నడు. నీకు చెప్పద్దని ఒట్టు పెట్టిండు."

"ఎందుకు?" అన్నాను. అతన్ని కాదు, మా ఆయన్ని.

ఆయన చొక్కా మీది మెతుకులు ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో వేస్తున్నాడు. తల ఎత్తకుండానే, "నీ కూర నేను తినలేనంటె నీ మొఖం చిన్నబోతదనే" అన్నాడు.

ఇంతకీ అందరికీ వేసేసి, ఆ సగం డబ్బా అన్నమూ కాస్త కూరా ఎందుకు తెచ్చేవాడు? పిల్ల గడపలో కూర్చొని ఎదురుచూస్తుంది కాబట్టి. ఖాళీ డబ్బా తెస్తే పిల్ల చిన్నబోతుంది, ఉత్త అన్నం తెస్తే నేను అడుగుతాను. మా అందరి ముఖాలు చిన్నబోకుండా చూసుకున్నాడు. ఏడాదిపాటు బాయిలో రెండు బుక్కల అన్నంతో కర్రలు మోశాడు. ఆయన మీద ఇప్పటికీ నాకు కోపమే. చచ్చేంత కోపం. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా మీద అరిచి పళ్ళెం విసిరికొట్టి ఉంటే ఏం పోయేది?

తర్వాత జరిగిందంతా మీరు ఊహించగలిగిందే. ఊళ్ళో డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి, చీటీ రాసి పట్నం పంపించాడు. పట్నం పెద్ద దవాఖానలో, బెంచీల మీద నోటికి గుడ్డలు కట్టుకున్న మనుషులే. డాక్టరమ్మ చిన్న పిల్ల, నా బిడ్డ వయసుంటుంది. ఆయన నోటి దగ్గర తన వేళ్ళు పెట్టి కొలిచి చూసింది.

"కారం తింటే మంట ఎప్పటి నుంచి ఉందమ్మా?" అని నన్ను అడిగింది.

నేను చెప్పాను. నల్లా దగ్గర నవ్విన రోజు నుంచి లెక్కపెట్టి చెప్పాను. ఆమె రాసుకుంది.

"అదే మొదటి గుర్తు. అప్పుడే వచ్చి ఉంటే..." అని ఆగిపోయింది. మంచి పిల్ల, మిగతాది అనలేదు. దవడ ఎముకలోకి, మెడలోకి దిగిందట, కోయడానికి లేదట. కరెంటు పెట్టారు, రేడియేషన్ అంటారట దాన్ని. మెడ నల్లగా కాలిపోయింది. నాలుగు నెలల తర్వాత ముక్కులోంచి గొట్టం వేసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మళ్ళీ ఎప్పుడు రావాలని అడిగితే, అవసరమైతే రండి అన్నారు. ఆ మాటకు అర్థం ఏమిటో బసంత్‌నగర్ దాటేదాకా బస్సులో ఆలోచిస్తూ వచ్చాను. మా ఆయనకు అప్పటికే అర్థమైంది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇప్పుడు నేను వండేది ఏమిటంటే, జావ. రాగిజావ, పప్పుకట్టు, పాలు. మెత్తగా రుబ్బి, గుడ్డలో వడగట్టి, గొట్టంలో పోస్తాను. ఉప్పు వేసినా వేయకపోయినా ఒకటే, అది నాలుకకు తగలదు. అయినా వేస్తాను, చూసుకొని వేస్తాను. పక్కింటి చెల్లె ఖిచిడీ పంపుతూనే ఉంది, అందులోంచి పలుచని నీళ్ళు తీసి పోస్తాను. ఆమె గోడ మీదుగా గిన్నె అందిస్తుంటే ఆమె ముఖం చూడలేను. "అక్కా, ఫికర్ చెయ్యకు" అంటుంది. ఆమె మాత్రం ఇంకేమంటుంది.

మొదట్లో నేను పొయ్యి మీద కారం మాటే ఎత్తలేదు. పిల్లకూ నాకూ పెరుగన్నం, పప్పు. ఆయన ముందు తాలింపు వాసన రాకూడదని. ఈ ఎండాకాలం తల్లిగారి ఊరి నుంచి వచ్చిన మిరపకాయల సంచి మూతి కూడా విప్పలేదు. ఒకరోజు ఆయన నన్ను పిలిచి మెల్లగా, ఒక్కో మాట కూడగట్టుకొని అన్నాడు, "ఇల్లు సప్పగున్నదే. తాలింపు పెట్టు."

పెట్టాను. ఎండుమిరపకాయలు, ఎల్లిపాయలు, కరివేపాకు. ఘాటుకు పిల్ల తుమ్మింది. ఆయన మంచం మీద కళ్ళు మూసుకొని పీల్చాడు. ముక్కులో ఒకవైపు గొట్టం ఉంది, రెండోవైపు నుంచి పీల్చాడు. నేను వంటింటి తలుపు వెనక నిలబడి నోట్లో కొంగు కుక్కుకొని ఏడ్చాను. అప్పటి నుంచి రోజూ రెండు పూటలా తాలింపు పెడుతున్నాను. కూర ఉన్నా లేకపోయినా.

పదిరోజుల కిందటి మాట. మనవరాలు బడి నుంచి వచ్చింది. బూట్లు విప్పలేదు, బ్యాగు దించలేదు. తన టిఫిన్ డబ్బా పట్టుకొని సరాసరి తాత మంచం దగ్గరికి పోయింది.

"తాతా, గిది నీకు. బడి సద్ది."

మూత తీసింది. ఒక మూలకు మూడు ముద్దల అన్నం, టమాట కూర కలిపింది, వేళ్ళతో ఒత్తి ఒత్తి గుండ్రంగా చేసి పెట్టింది. చల్లబడి, కూర అన్నానికంతా పట్టి ఉంది.

"నోరు పెద్దగ తెరువ్ తాతా. నేనే పెడ్త."

వద్దు బిడ్డా అనబోయాను. ఆయన నాకు చెయ్యి అడ్డం పెట్టాడు. డబ్బా తన చేతిలోకి తీసుకున్నాడు. "ముందుగాల నీళ్ళు తేపో" అన్నాడు. పిల్ల వంటింట్లోకి ఉరికింది. ఆయన నా వైపు చూసి డబ్బాను నా ముందుకు జరిపాడు.

ఏం చేయాలో చెప్పనక్కర్లేదు నాకు. మూడు ముద్దలూ ఒకదాని మీద ఒకటి నోట్లో కుక్కుకున్నాను. నమల్లేదు, మింగాను. గొంతుకు అడ్డం పడి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. మూతి తుడుచుకొని అటు తిరిగేసరికి పిల్ల చెంబుతో వచ్చింది. డబ్బా ఆయన చేతిలో ఖాళీగా ఉంది.

"అయిపోయిందా! గంత జల్దినా! కారమైందా తాతా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "కమ్మగున్నది" అన్నాడు.

పిల్ల నా వైపు తిరిగింది. దాని ముఖం చూడాలి మీరు. "అమ్మమ్మా, తాతకు నా అన్నం మంచిగ పోయింది. ఇగ ముక్కుల పైపు తీసేద్దమా?"

"తీద్దాం బిడ్డా" అన్నాను.

"రేపు ఇంకింత ఎక్కువ తెస్త."

తెచ్చింది. మర్నాడు అయిదు ముద్దలు. ఆ మర్నాడు సగం డబ్బా. ఇంటికి రాగానే ఏదైనా తినమంటే, తాత తిన్నాక తింటానంటుంది. పిల్ల మెడ ఎముకలు కనపడుతున్నాయి. మొన్న చెయ్యి పట్టుకొని అడిగాను, బడిలో అన్నం ఎందుకు తింటలేవని.

"నాకు ఆకలి లేకుండె అమ్మమ్మా" అంది.

 దాన్ని కూర్చోబెట్టి నిజం చెప్పాలి. తాత ఒక్క మెతుకూ తినలేదని, ఇక తినడని, ఆ పైపు తీసే రోజున తాత మనకు ఉండడని చెప్పాలి. రోజూ పొద్దున దాని డబ్బా సర్దేటప్పుడు సాయంత్రం చెప్పేద్దామనుకుంటాను. సాయంత్రం అది బూట్లతోనే లోపలికి ఉరికివస్తుంది, ఆయన మంచంలో తల ఎత్తి డబ్బా కోసం చూస్తుంటాడు.

నిన్న డబ్బా నిండుగానే వచ్చింది. పిల్ల నీళ్ళకు పోయింది. నేను తిన్నాను.